శుక్రవారం పడని వాన

చెన్నైలోని చూలై వీధుల్లో కమలాంబగారిల్లు ఎక్కడని అడిగి చూడండి, ఒక్కరు చెబితే ఒట్టు. మళై చెట్టియార్ ఇల్లు అనండి, ఆటో స్టాండులో కునికిపాట్లు పడుతున్నవాడు కూడా లేచి దారి చూపిస్తాడు. మళై అంటే తమిళంలో వాన. ఆ వానచెట్టి, కమలాంబ భర్త కామేశంగారు పోయి ఏడేళ్ళయింది, పేరు మాత్రం ఇంటిని అంటిపెట్టుకునే ఉంది. ఆ పేరు ఎవరి మోకాళ్ళ మీద నిలబడిందో మాత్రం వీధిలో ఎవరికీ తెలియదు.

కామేశంగారిది కాగితాల టోకు వ్యాపారం. ఎనభై మూడులో ఒక వానకి గిడ్డంగిలోకి నీళ్ళొచ్చి రెండు లారీల సరుకు తడిసి ముద్దయింది. ఇన్సూరెన్సు ఆయన వచ్చి, తడిసిన కట్టలన్నీ చూసి, "ఎంత వాన పడింది?" అన్నాడు. "చాలా పడింది సార్" అన్నారు ఈయన. "చాలా అంటే ఎన్ని మిల్లీమీటర్లు?" పదిమంది కూలీల ముందు నోరు పెగలక నిలబడాల్సి వచ్చిందని కామేశంగారికి తల కొట్టేసినట్టయింది. మరుసటి ఏడాది మొదట్లోనే బ్రాడ్వేలో సైన్సు సామాన్లమ్మే కొట్టుకి వెళ్ళి వాన కొలిచే డబ్బా ఒకటి తెచ్చి మేడ మీద పెట్టారు. పైన గరాటు, లోపల సీసా, పక్కన గీతలున్న గాజుగ్లాసు. అంతే దాని సంబరం.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. మూడు వారాలు ఆయనే మేడెక్కారు, ఎనిమిదిన్నర కొట్టేసరికి గ్లాసు పట్టుకుని నిలబడ్డారు. నాలుగోవారం మంచు ఎక్కువగా ఉందని, "కమలా, ఈ ఒక్కరోజూ నువ్వు పైకిపోయి చూసి రా" అన్నారు. ఆ ఒక్కరోజు నలభై ఒక్క ఏళ్ళు నడిచింది.

పొద్దున ఎనిమిదిన్నరకి కమలాంబ మేడెక్కేది. సీసాలో నీళ్ళు గ్లాసులోకి ఒంపి, గీత చూసి, నీళ్ళు పిట్టగోడ మీంచి వీధిలోకి పారబోసి, మెట్ల మీంచే అంకె కేకేసేది. కింద అంగడి ముందు ఆయన పలకమీద సుద్దముక్కతో 'చూలైలో వాన: ఇంత' అని రాసేవారు. జనం ఆగి చదివేవారు. ఆయన పేపర్లకి ఉత్తరాలు రాసేవారు, కింద 'కామేశం, చూలై' అని సంతకం. "నా పుస్తకంలో ఒక్కరోజు కూడా తప్పు లెక్క ఉండదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు. ఏడాదికొక నోటుపుస్తకం, గీతలు గీసిన గళ్ళు, అట్టమీద ఆయన పేరు. గళ్ళు నింపేది మాత్రం కమలాంబ.

ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. కానీ ఆ సీసాలో నీళ్ళు చూసినప్పుడల్లా ఆమెకొకటే ఆలోచన. "ఏమండీ, ఈ మబ్బు ఈడికి రాకముందు ఏ ఊర్లో ఉండింది? ఈడ కురిసినాక యాడికి పోతాది?" అని ఒకనాడు భర్తనడిగింది. "సముద్రంలో ఉండింది, సముద్రంలోకే పోతాది. కాఫీ తీసుకురా" అన్నారాయన. కాఫీ తెచ్చింది. ఆ ప్రశ్న మాత్రం మనసులోంచి పోలేదు.

ఇక ఇప్పటి సంగతి. కొడుకు కేశవ్ కాగితాల వ్యాపారం మాని అట్టపెట్టెల వ్యాపారం పెట్టాడు. పార్సిళ్ళు పెరిగాక అట్టపెట్టెలకి గిరాకీ చెప్పనక్కర్లేదు, ఇల్లంతా అట్టపెట్టెలే. మిగిలింది వాన పుస్తకాలున్న గది ఒక్కటి. కేశవ్ కూతురు సింధూరికి షోళింగనల్లూరులో ఉద్యోగం. పొద్దున ఆఫీసు క్యాబెక్కితే చీకటిపడ్డాక దిగుతుంది. ఏం పని చేస్తుందో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. కంప్యూటర్ పని అనుకునేవారు, అంతే.

తమిళుల ఐప్పసి నెలలో, అక్టోబరు చివర ఒక ఆదివారం సాయంత్రం, మేడ మీద ఆరేసిన దుప్పట్లు తీస్తూ కమలాంబ ఊరికే అడిగింది. "ఏమే, మీ ఆఫీసులో ఏం చేస్తా ఉండారు మీరంతా?"

"వెదరే అవ్వా. యూరప్‌లో చలి ఎంత ఉంటాదో రెండు వారాల ముందు చెప్తాం. ఆడ రోడ్లమీద మంచు పడితే ఉప్పు చల్లాలి కదా, దానికి ముందే రెడీగా ఉండాల."

"ఉప్పా? రోడ్డు మీదనా?" కమలాంబ దుప్పటి మడత పెట్టడం ఆపేసింది. "కల్లుప్పేనా?"

"కల్లుప్పే. లారీలు లారీలు."

"సెరి. ఆ చలి సంగతి ఈడ చెన్నైలో కూర్చుని మీకెట్ల తెలుస్తాది?"

సింధూరి తూర్పు దిక్కుకి చెయ్యి చూపించింది. "ఆ మబ్బుల్ని చూసి."

చెప్పొద్దూ, కమలాంబకి ఒళ్ళు జల్లుమంది. నలభై ఏళ్ళ కిందట కాఫీతో మూసేసిన ప్రశ్న ఇది. మనవరాలిని కదలనివ్వలేదు. ఆ పిల్ల కూడా, ఇంట్లో తన పని గురించి అడిగినవాళ్ళు ఇన్నాళ్ళకి దొరికారని, దుప్పటి రెండు కొనలూ అవ్వ చేతికిచ్చి, అటు కొనలు తాను పట్టుకుని నిలబడింది.

"ఇది పైగాలి అనుకో. నువ్వు ఈడ, హిందూ మహాసముద్రంలో ఉండావు. నేను ఆడ, లండన్ పక్కన. నీ దగ్గర సముద్రం వేడెక్కి పెద్ద మబ్బుగుంపు లేచింది. అంత నీరు పైకిపోయి వానైతే, దాంట్లో ఉండే వేడి అంతా పైగాలిలో కలుస్తాది. ఆ వేడి గాలిని తోస్తాది. ఇప్పుడు నీ కొన ఒక్కసారి దులుపు."

కమలాంబ దులిపింది. దుప్పటిలో ఒక అల లేచి పాకుతూ వెళ్ళి సింధూరి చేతుల్ని ఎగరగొట్టింది.

"అదాన్ అవ్వా, అంతే. ఆ గుంపు ఒక్కచోట నిలవదు. తూర్పుగా నడుస్తా పోతాది, నెలకో రెండు నెలలకో మళ్ళీ ఈడ కొత్తది లేస్తాది. మన పక్క ఉండేటప్పుడు మనకి వాన గట్టిగా పడతాది, పది దినాలు పోతే ఆడ చలి కొంచెం తగ్గుతాది. మనల్ని దాటుకుని పసిఫిక్ పక్క పోయిందంటే, ఆడ చలి ముదురుతాది. ప్రతిసారీ కాదు, చానాసార్లు."

"అంటే మన సీసాలో నీళ్ళు నిండితే..." అని ఆగింది కమలాంబ. "పది దినాలకి ఆడ ఉప్పు ఖర్చు తగ్గుతాదన్నమాట."

సింధూరి నవ్వబోయి, నవ్వలేదు. "ఆ సీసాలో నీళ్ళు ఇంకా కొలుస్తా ఉండావా?" అంది. ఆ ఇంట్లోనే పుట్టి, ఆ మెట్లమీదే ఆడుకున్న పిల్లకి ఆ డబ్బా తాతతోనే పోయిన సరదాగానే తెలుసు. కమలాంబ కిందికి తీసుకెళ్ళి బీరువా తెరిచింది. నలభై ఒక్క పుస్తకాలు, నలభై రెండోది ముప్పావు నిండినది. సింధూరి ఒకటి తీసింది, ఇంకొకటి తీసింది, నేలమీద కూర్చుండిపోయింది. ఒక్క గడి ఖాళీ లేదు. అన్నానికి రెండుసార్లు పిలిచినా లేవలేదు.

ఇక్కడ కేశవ్ గురించి చెప్పాలి. చెడ్డవాడు కాడు, చోటు లేనివాడు. వచ్చే సోమవారం పెద్ద సరుకు దిగుతోంది. ఆ గది ఖాళీ చేసి పుస్తకాలు పాతపేపర్లాయనకి వేసేయాలని నెలనుంచీ అంటున్నాడు. "అమ్మా, నాన్న పోయినాక నువ్వు తప్ప వీటిని ఎవురైనా తెరిచారా? నీకు బాధని నాకు తెలుసు. నేనేం చేసేది?" అని ఆరోజు కూతురి ముందే మళ్ళీ అన్నాడు.

"డాడీ, మా సార్‌కి చూపిస్తాను. పాల్‌రాజ్ సార్ వాడతానంటే ఆఫీసే స్కాన్ చేసి దాచుకుంటాది" అంది సింధూరి.

"సెరి. వాడతానంటే పెట్టెల్ని నా బెడ్రూములోనైనా పెట్టుకుంటా. పనికిరాదన్నాడా, సోమవారం తీసేస్తా. మాట మాటే."

ఇన్నేళ్ళూ తను మేడెక్కి దిగినదానికి అర్థం ఉందో లేదో ఎవరో పాల్‌రాజ్ చెబుతాడన్నమాట అనుకుంటూ కమలాంబ పుస్తకాలు మళ్ళీ బీరువాలో సర్దింది.

నాలుగు రోజులు సింధూరి ఫోనులో ఫోటోలు తీసి, అంకెలు ఎక్కించింది. గురువారం సాయంత్రం క్యాబ్ దిగి, చెప్పులు విప్పకుండానే వంటింటి గడపలో నిలబడింది.

"అవ్వా, నలభై ఏళ్ళలో ఈడ ఒక్క ఫ్రైడే కూడా వాన పడలేదా?"

కమలాంబ చేతిలో గరిటె ఆగింది.

"అన్ని ఫ్రైడేలూ సున్నా. ఒక్కటి తప్పకుండా. శనివారాలు మాత్రం తక్కిన దినాలకంటే డబుల్. మా సార్ గ్రాఫ్ చూసి నవ్వినాడు. చెన్నై మేఘాలకి వీక్లీ ఆఫ్ ఉందా అన్నాడు. ఇది ఇంట్లో కూర్చుని రాసిన లెక్క, వేస్ట్, దీన్ని నమ్మలేమన్నాడు." ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తాత రాసింది దొంగ లెక్కా అవ్వా?"

ఈ ప్రశ్నకి జవాబు తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే, ఆమె ఆ గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

సంగతేమిటంటే, కమలాంబ అత్తగారు శారదాంబ. వ్యాపారస్తుల ఇల్లు, శుక్రవారం లక్ష్మీదేవి దినం. ఆరోజు ఇంట్లోంచి ఏదీ బయటికి పోకూడదు. అప్పివ్వరు, పెరుగు తోడుకి అడిగినా ఇవ్వరు, చెంబెడు నీళ్ళు కూడా వీధిలోకి పారబొయ్యరు. మొదటి శుక్రవారమే కోడలు సీసా ఎత్తబోతుంటే అత్తగారు మెట్ల దగ్గర నిలబడి, "ఆకాశం ఇచ్చినది శుక్రవారం పూట వీధిపాలు చేస్తావా?" అన్నారు. కోడలు సీసా దించేసింది. ఆ నీళ్ళు అట్లాగే ఉండి, శనివారం నీళ్ళతో కలిసి కొలతకొచ్చేవి. అంగడి ముందు పలకని శుక్రవారం కడిగి పసుపూ కుంకుమా పెట్టేవారు గనక ఆరోజు అంకె అడిగేవాళ్ళు లేరు. మరి పుస్తకంలో గడి? "ఖాళీ గడి ఉంచితే ఎవడో ఏదో రాసేస్తాడు, వ్యాపారి పుస్తకంలో ఖాళీ ఉండకూడదు" అని కామేశంగారి శాసనం. ఖాళీ ఉంచకూడదంటే ఏం రాయాలి? కమలాంబ సున్నా చుట్టింది. అత్తగారి మాటా పోలేదు, మొగుడి మాటా పోలేదు. పోయిందల్లా వాన.

ఆమాట ఆ సాయంత్రమే చెప్పేయవచ్చు కదా అంటారు. చెబితే ఏమవుతుంది? ఒక్కరోజు కూడా తప్పులేదని ఊరంతా చెప్పుకున్న మనిషి అబద్ధాలకోరు అవుతాడు. ఆయనకి ఈ సంగతి తెలియనే తెలియదు పాపం. చెప్పకపోతే సోమవారం పాతపేపర్లాయన సంచి పట్టుకుని వస్తాడు. ఎటు తిరిగినా గోడే. "రేపు చెప్తా పో, కాళ్ళు కడుక్కో" అని మాత్రం అంది కమలాంబ.

తెల్లవారింది. శుక్రవారం. తెల్లవారుజామున మంచి వాన పడింది. ఎనిమిది దాటాక కమలాంబ మోకాళ్ళు పట్టుకుంటూ మేడెక్కి, సింధూరిని పైకి పిలిచింది. క్యాబ్ రావడానికి ఇంకా టైముంది. డబ్బా మూత తీసి సీసా చూపించింది. సీసా ముప్పావు వంతు నిండి ఉంది.

"ఇదిగో నీ శుక్రవారం. ఈడనే ఉండాది. వాన పడలేదని ఎవురన్నారు? నేనే పారబొయ్యలేదు."

మొదటినుంచీ చెప్పింది. అత్తగారి మాట, పలక మీద పసుపు, గడిలో సున్నా. "మీ తాత నిజాయితీపరుడే. తప్పు నాది. ఆయనకి తెలియదు. మీ సార్‌కి ఫోన్ చేసి ఆ మాట చెప్పు. పుస్తకాలు పోతే పోనీ, ఆయన్ని దొంగ అనొద్దని చెప్పు."

సింధూరి మొదట నవ్వింది, పడీపడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగి, పిట్టగోడ మీద కూర్చుంది.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పాల. ఫ్రైడే నీళ్ళు ప్రతిసారీ శనివారానికి ఉంచావా? ఏదో ఒక ఫ్రైడే అర్జంటుగా పారబోసి ఉండావా? ఒక్కసారైనా?"

కమలాంబ మనసులో ఆ శుక్రవారాలన్నీ ఒకసారి తిరిగొచ్చాయి. తొంభై ఏడులో అత్తగారు పోయాక వచ్చిన మొదటి శుక్రవారం గుర్తొచ్చింది. అడిగేవాళ్ళు లేరు, మెట్ల దగ్గర నిలబడేవాళ్ళు లేరు. ఆరోజు సీసా చేతిలోకి తీసుకుని పిట్టగోడ దాకా వెళ్ళింది. ఎంతసేపో నిలబడింది. ఆ ముసలావిడ మీద అంతకాలం ఉన్న కోపం ఆ క్షణంలో ఏమైపోయిందో తెలియదు, ఏడుపొచ్చింది. సీసా తెచ్చి మళ్ళీ డబ్బాలో పెట్టేసింది.

"లేదు," అంది. "ఒక్కసారి కూడా పారబొయ్యలేదు."

"సీసా నిండి పోయుంటే?"

"పొర్లితే కింద డబ్బాలో పడతాది. అదీ కొలుస్తాను. ఒక్క చుక్క కూడా యాడికీ పోలేదే."

సింధూరి లేచి అవ్వని గట్టిగా కావలించుకుంది. సీసా తలకిందులవుతుందేమోనని కమలాంబకి ఒకటే భయం.

"అవ్వా, నువ్వు అప్పుడప్పుడు తప్పి ఉంటే అంతా పోయేది. యాడ కలిసిందో, యాడ కలవలేదో దేవుడికి కూడా తెలిసేది కాదు. ఒక్కసారీ తప్పలేదు కదా, ఆదివారం మొదలుపెట్టి శనివారం దాకా కూడితే వారం లెక్క కరెక్ట్. మాకు రోజు లెక్క వద్దు. ఆ మబ్బుగుంపు వారాల లెక్కన నడుస్తాది."

ఆ పూట సింధూరి క్యాబ్ మిస్సయింది. మెట్లమీదే కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. కమలాంబ ఇడ్లీ తెచ్చి పక్కన పెట్టింది, చల్లారిపోయాక తీసుకెళ్ళింది. మధ్యాహ్నానికి వారాల లెక్క పాల్‌రాజ్‌కి వెళ్ళింది. సాయంత్రం ఫోనొచ్చింది. సింధూరి స్పీకర్ పెట్టింది. కేశవ్ కూడా అట్టపెట్టెల మధ్యనుంచి వచ్చి నిలబడ్డాడు.

పాల్‌రాజ్ తమిళంలో మాట్లాడాడు. గుంపు మన పక్కకి వచ్చిన ప్రతి పదిసార్లలో ఏడుసార్లు చూలై పుస్తకంలో ఆ వారం వాన గట్టిగా ఉందట. వాటిలో చాలాసార్లు, పదిపన్నెండు రోజులకి ఉత్తరాన గాలి మారిందట. ఒక్క మేడమీది సీసాకి ఇది చాలా ఎక్కువన్నాడు. పుస్తకాలన్నీ ఆఫీసు స్కాన్ చేస్తుంది, అసలువి మాత్రం ఇంట్లోనే భద్రంగా ఉంచండి అన్నాడు.

"మరి ఇకమీదట శుక్రవారం కూడా పారబొయ్యాలా, సార్?" అని కమలాంబే తమిళంలో అడిగింది. ఆమె గొంతులో ఉన్న భయం అత్తగారికీ ఆఫీసుకీ మధ్య నలిగినవాళ్ళకే తెలుస్తుంది.

"వద్దమ్మా, వద్దు. ఇన్నేళ్ళ పద్ధతి ఇప్పుడు మార్చారంటే పాతదానికీ కొత్తదానికీ పొంతన ఉండదు. శుక్రవారం అట్లాగే వదిలేయండి. సున్నా మాత్రం వెయ్యకండి, గీత గీయండి."

ఫోను పెట్టేశాక కమలాంబ చాలాసేపు నవ్వింది. యూరప్‌కి చలి చెప్పే ఆఫీసు కూడా చివరికి శారదాంబ మాటే చెప్పింది. ఆవిడుంటే ఎంత మురిసిపోయేదోనని నిజంగానే అనిపించింది. కేశవ్ తలుపు దగ్గర పేర్చిన అట్టపెట్టెలు రెండు చేతులా ఎత్తుకుని తన బెడ్రూములోకి మోసుకెళ్ళడం మొదలుపెట్టాడు.

శనివారం పొద్దున సింధూరి ఆఫీసు ఫారం ఒకటి నింపుతూ కూర్చుంది. స్థలం, చూలై. ఎత్తు, రెండో అంతస్తు మేడ. ఎప్పట్నుంచి, ఎనభై నాలుగు. కొలిచినవారి పేరు అన్నచోట, పుస్తకాల అట్టలు చూసి, తాత పేరు కొట్టడం మొదలుపెట్టింది.

కమలాంబ వెనక నిలబడి చూస్తోంది. నలభై ఒక్క ఏళ్ళలో ఎన్నడూ నోటికి రానిమాట ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు.

"మీ తాత మూడు వారాలు కొలిచినారే," అంది. "తక్కినదంతా నేను."

సింధూరి వెనక్కి తిరిగి చూసింది. తర్వాత కొట్టిన అక్షరాలన్నీ ఒక్కొక్కటిగా చెరిపింది. కమలాంబ అని కొట్టి, స్క్రీన్ అవ్వవైపు తిప్పింది. ముసలామె కళ్ళజోడు సరిచేసుకుని, వంగి, తన పేరు రెండుసార్లు చదువుకుంది. ఎనిమిదిన్నర అయింది. రెండు రోజుల నీళ్ళు కొలవాలని గాజుగ్లాసు తీసుకుని మేడమెట్లెక్కింది.